ఎంతమంది డబ్బా

బండి వెనక తలుపు తీస్తే ముందు గంటెలు దిగేవి. తర్వాత జల్లిగంటెలు, బాండలి, ఒకదాంట్లో ఒకటి దూరిన తప్పేలాలు, బకెట్లు. ఆ తర్వాత ఇద్దరు చెయ్యేస్తే గానీ కదలని గుండిగలు. అన్నీ దిగాక ఆఖర్న నారాయణమ్మ దిగేది.

ఆమె కూర్చునేది సీటు మీద కాదు. వెనకవైపు ఎదురెదురుగా ఉన్న రెండు చిన్న సీట్లనూ మడిచేసి సామాను నింపేవాళ్ళు కాబట్టి, బోర్లించిన నూరుమంది గుండిగే ఆమె సీటు. ఒక చేత్తో తప్పేలాలు జారకుండా అదిమిపట్టి, ఇంకో చేత్తో కిటికీ కమ్మీ పట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడుచుకుని కూర్చునేది. వంటవాళ్ళందరిలో వయసులో పెద్దది, బండెక్కడంలో ఆలస్యం. మధ్య సీటులో నలుగురు ఆడవాళ్ళు ఇరుక్కున్నాక మిగిలేది ఆ చోటే. మొదటిసారి అక్కడ కూర్చోమని ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడది ఆమె చోటు అయిపోయింది.

నూరుమంది గుండిగ అంటే నూరుమందికి అన్నం ఉడికేది. పుంగనూరు ఆదిలక్ష్మి పెళ్ళివంటల్లో లీటర్లకూ కిలోలకూ పని లేదు. యాభైమంది తప్పేలా, నూరుమంది గుండిగ, రెండు నూర్లమంది గుండిగ, పాయసానికైతే మూడు నూర్లమంది బాండలి. ప్రతి పాత్ర అంచునా తన పేరూ, ఊరూ, ఎంతమందిదో ఆ అంకే కొట్టించి పెట్టుకుంది. బియ్యం కొలిచేటప్పుడు మాత్రం నోటితో లెక్క. తొలి శేరును ఒకటి అనదు, లాభం అంటుంది. ఏడో శేరును ఏడు అనదు, ఆరున్నొకటి అంటుంది. పెళ్ళివారి బియ్యం కొలుస్తూ ఏడు అనడం ఏం శుభమని ఆమె వాదన. ఇరవై ఏళ్ళుగా ఒక్క పెళ్ళిలోనూ ఆమె వండిన అన్నం చాల్లేదన్న మాట రాలేదు, పారబోశారన్న మాటా రాలేదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. తెలిసినట్టు నడుస్తుంది కూడా.

బండి రెండేళ్ళ కిందట కొత్తగా వచ్చింది. కొత్తదంటే ఆమెకు కొత్తది, ముందు ఇంకొకరి దగ్గర నాలుగేళ్ళు తిరిగినదే. కురచగా, ఎత్తుగా, జీపూ కాదు కారూ కాదన్నట్టు ఉంటుంది. ముందు ఇద్దరు, మధ్యన ముగ్గురు, వెనక ఇద్దరు. నడిపేది ఆమె మరిది మునస్వామి. వాడికి బండి మీద ఎంత ప్రేమంటే, పొద్దున లేచి దేవుడికి దండం పెట్టుకునే ముందు దాని అద్దం తుడుస్తాడు.

ఆ మాఘమాసంలో పుంగనూరులోనే ఒక పెళ్ళికి సామాను దించుతుంటే, పిల్ల తరఫు పెద్దమనిషి ఒకాయన తమలపాకు నములుతూ వచ్చి నిలబడ్డాడు. మిగతా గుండిగలన్నీ దిగాక, వంటవాళ్ళలో చిన్నదైన రేవతి చెయ్యి పట్టి లాగితే నారాయణమ్మ మెల్లగా కాలు కిందపెట్టింది. ఆయన అది చూసి, "అన్నీ మెరిసే పాత్రలే గానీ, మూతొకటి మాత్రం పాతది తెచ్చినారే" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నారాయణమ్మ కూడా నవ్వింది. ఆదిలక్ష్మికి ఆయన మాట కంటే ఈమె నవ్వు ఎక్కువ గుచ్చుకుంది.

"ఆ మూత ల్యాకపోతే రేపు మీకు ఓళిగలుండవప్పా" అంది ఆదిలక్ష్మి. ఆయన నమలడం ఆపి లోపలికి వెళ్ళిపోయాడు.

మాట తిప్పికొట్టింది గానీ మనసు కుదుటపడలేదు. సాయంత్రం ఓళిగలకు పూర్ణం ఉండలు చేస్తున్న నారాయణమ్మను చూసింది. ఒక కాలు మడిచింది, ఇంకోటి మడవలేక బారజాపింది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అరచేతిలో ఇంత పూర్ణం, ఒక తిప్పు, ఒక నొక్కు, తట్టలోకి. ఒక ఉండ ఇంకోదానికి ఆవగింజంత తేడా లేదు.

"అక్కా, వచ్చే ముహూర్తానికి నువ్వు సీటు మీద కూసుంటావు" అంది ఆదిలక్ష్మి.

"మరి గుండిగలు యాడ కూసుంటాయమ్మా?"

"పైన."

*

మదనపల్లెలో బెంగుళూరు బస్టాండు దగ్గర ఉదయ్ కిరణ్‌కు కార్ల సామాన్ల అంగడి ఉంది. సీటు కవర్లు, పాటల పెట్టెలు, అద్దాలకు వేలాడే బొమ్మలు, బండి పైకప్పుకు బిగించే క్యారియర్లు, అన్నీ దొరుకుతాయి. దర్జీలాగా మెడలో టేపు వేసుకుని తిరుగుతాడు. మునస్వామి బండిని అంగడి ముందు ఆపగానే బయటికి వచ్చి, పైకప్పు వైపు ఒకసారి, టైర్ల వైపు ఒకసారి చూశాడు.

"పైన పెట్టే డబ్బా కావల్లప్పా" అంది ఆదిలక్ష్మి.

"ఉండాయమ్మా. యెంత సైజు?"

"మూడు నూర్లమందిది సూపించు."

ఉదయ్ కిరణ్ టేపు లాగబోయినవాడు ఆగిపోయాడు. "మూడు నూర్లమందిని పైన యెక్కిస్తారామ్మా?"

మునస్వామి పకపకా నవ్వాడు. ఆదిలక్ష్మి నవ్వలేదు. వెనక తలుపు తీయించి నూరుమంది గుండిగను దింపించి అంగడి గడపలో పెట్టించింది. డబ్బా కొనడానికి గుండిగతో వచ్చిన మనిషిని ఆ అంగడి అంతకుముందు చూసి ఉండదు. పక్కనున్న టీ అంగడివాళ్ళు కూడా లేచి వచ్చారు.

"ఇట్లాంటివి మూడు, పైన చిల్లర సామాను. అంత పట్టల్ల" అంది.

ఆయన దగ్గర మూడు రకాలున్నాయి. మొదటిది ఇనుప కమ్మీల క్యారియరు. మూత లేదు, సామాను పెట్టి తాడుతో కట్టుకోవాలి. మొయ్యడానికి దాని అంత గట్టిది లేదన్నాడు. ఆదిలక్ష్మి దాన్ని దూరం నుంచే కాదనేసింది.

"వండే పాత్రలప్పా ఇవి. రోడ్డు మీది దుమ్మంతా పడల్ల, కాకులు పైన కూసోవల్ల, మళ్ళా అందులోనే నేను పాయసం కాంచల్ల. నువ్వు తాగుతావా?"

"పైన టార్పాలిన్ కప్పుకోవచ్చమ్మా."

"పెండ్లికూతురికి దుప్పటి కప్పి తీసుకపోయినట్టు."

రెండోది పొడుగాటి ఫైబరు డబ్బా. బెంగుళూరు నుంచి తెప్పించినది, ముందువైపు మొనదేలి, నున్నగా, నల్లగా నిగనిగలాడుతోంది. మునస్వామి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "విమానం మాదిరి ఉండాది వదినా. ఇదే తీసుకుందాం" అన్నాడు. ఉదయ్ కిరణ్ మనిషిని సాయం పిలిచి దాన్ని బండి పైకి ఎత్తించాడు. ఎత్తాక చూస్తే మొన ముందద్దం మీదికి మూరెడు పొడుచుకొచ్చింది. మునస్వామికి అదే అందంగా తోచింది.

"బండి కురచదన్నా" అన్నాడు ఉదయ్ కిరణ్. "ముందుకి ఇంత పొడుసుకోనొస్తే గాలి కింద దూరి డబ్బాను పైకి లేపుతాది. వెనక్కి జరిపినామా, బరువంతా తోక మీద పడతాది. పొడుగు బండ్లకు పెట్టేది ఇది."

"కొంచిం సరిపెట్టుకోదా?"

"మనుసులైతే సరిపెట్టుకుంటారు. బండి సరిపెట్టుకోదన్నా."

మూడోది పొట్టిది, వెడల్పుది. బూడిదరంగు. చూడ్డానికి పెద్ద పప్పుల డబ్బాను పడుకోబెట్టినట్టుంది. పైకప్పు మీద పెడితే ముందూ వెనకా చెయ్యెడు ఖాళీ వదిలి, పక్కలకు దాటకుండా, అక్కడే పుట్టినట్టు కూర్చుంది. కప్పు అంచున వాననీరు జారే కాలవ ఉంటుంది కదా, దానికి నాలుగు పక్కలా బిగింపులు పట్టుకుంటాయని ఉదయ్ కిరణ్ చూపించాడు. ఆదిలక్ష్మి స్టూలు ఎక్కి, జానతో లోపల పొడుగూ వెడల్పూ లోతూ కొలుచుకుంది. లోతు దగ్గర ఆమె మొహం మారింది.

"నూరుమంది గుండిగ కూడా పట్టదే ఇందులో."

"గుండిగ పైన పెట్టగూడదమ్మా. పట్టినా పెట్టగూడదు. ఈ బండి నెత్తి మీద ఒక బియ్యం మూట బరువు, అంతే. అది దాటితే మలుపుల్లో పక్కకి తూగుతాది. బరువుండేది కింద, తేలికది పైన. మీరు ఓళిగలు పేరస్తారు గదా, అడుగున గట్టివి పెట్టి పైన మెత్తనివి, అట్ల."

బియ్యం మూట అనేసరికి ఆమెకు లెక్క తెలిసిపోయింది. కిలోల్లో చెప్పి ఉంటే ఇంకో గంట వాదించేది. స్టూలు మీదే నిలబడి, "మునస్వామీ, చిల్లర సామానంతా పైకి అందియ్యి" అంది. వాడు అందిస్తుంటే సర్దింది. అడుగున మూతలు, బల్లపరుపుగా. వాటి మీద గంటెలు, ఒకదాని తల ఇంకోదాని తోక వైపు. మూలల్లో జల్లిగంటెలు, సందుల్లో చాకులు గుడ్డ చుట్టి. బకెట్లు ఒకదాంట్లో ఒకటి పడుకోబెట్టి, వాటి కడుపులో చింతపండు పిసికే గిన్నెలు. విస్తరాకుల కట్టలు పైన, మెత్తగా, చప్పుడు రాకుండా. మూత వేసి అదిమింది. టక్కుమని పడింది. చేత్తో కుదిపి చూస్తే లోపల ఒక్క గంటె కూడా మాట్లాడలేదు.

"నా కొడుకు పెండ్లికి మిమ్మల్నే పిలస్తానమ్మా" అన్నాడు ఉదయ్ కిరణ్. ఆయన కొడుకు ఇంకా పలకా బలపం దాటలేదు.

చిల్లర సామాను పైకి పోతే గుండిగలు తప్పేలాలను కడుపులో పెట్టుకుని, వెనక రెండు సీట్ల మధ్య నేల మీద కూర్చుంటాయి. సీట్లు మడవక్కర్లేదు. ఆదిలక్ష్మి అది అక్కడే చేసి చూసుకుంది. ఉదయ్ కిరణ్ బిగింపులు తిప్పుతూ, పనిలో పనిగా అడిగాడు.

"లోపల యెంతమంది కూసుంటారమ్మా? మనుసులూ సామానూ కలిసే గదా బండికి బరువు."

"మనుసులదేముండాదప్పా" అంది ఆదిలక్ష్మి. "సరిపెట్టుకుంటారు."

*

డబ్బా పెట్టాక మొదటి పని కురబలకోటలో ఒక చిన్న సీమంతం. ఆ రోజు నారాయణమ్మ సీటు మీద కూర్చుంది. కూర్చున్నాక కాసేపు ఆమెకు చేతులు ఏంచేసుకోవాలో తెలియలేదు. పట్టుకోవడానికి తప్పేలా లేదు. చివరికి ఒక చెయ్యి గుండిగ అంచు మీద పెట్టుకుని, ఇంకో చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ పోయింది. "ఈ దోవలో ఇన్ని మామిడిచెట్లుండాయా?" అని రేవతిని అడిగింది. ఇన్నాళ్ళూ అదే దోవన పోయింది ఆమె, తప్పేలాల సందులోంచి.

ఆదిలక్ష్మి ముందు సీటులోంచి ఆ మాట విని లోలోపల పొంగిపోయింది. అనుకున్నది చేసింది. ఊళ్ళో మగ వంటమేస్త్రీలు ఎందరున్నారు, ఎవడికి తట్టింది? బండి నెత్తిన బూడిదరంగు డబ్బా చూసి జనం అడిగితే, అందులో ఏముందో చెప్పడానికి ఆమెకు విసుగు రాలేదు.

ఆ వారంలోనే కుప్పం నుంచి రెడ్డెప్ప ఫోన్ చేశాడు. ఆయన టమోటా రైతు, కూతురి పెళ్ళి. ముందు మూడు నూర్లమందికి అనుకున్నారు. ఇప్పుడు అల్లుడి తరఫువాళ్ళు బెంగుళూరు నుంచి రైలుకు దిగబడుతున్నారు, అయిదు నూర్లవుతారు అన్నాడు.

"పెద్ద గుండిగలూ రుబ్బే మిషనూ ఈడ మండపంలోనే ఉండాయమ్మా. మీరు చేతులూపుకోని రండి, చాలు."

"యెవురెవురో వండిన గుండిగల్లో నేను వండనప్పా. మాకిప్పుడు డబ్బా ఉండాది. మావే తెస్తాం."

నోటికి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో, మాట్లాడేటప్పుడు ఆమెకే తెలియలేదు. బయల్దేరే రోజు పొద్దున రెండు నూర్లమంది గుండిగ వచ్చింది, రుబ్బే మిషను వచ్చింది, మూడు నూర్లమంది బాండలి వచ్చింది. డబ్బా అప్పటికే నిండింది. మునస్వామి ఏమీ అడక్కుండా వెనక సీట్లు రెండూ మడిచేశాడు. అలవాటైన చేతులు, మడవడానికి ఎంతసేపు.

నారాయణమ్మ కొంగు నడుముకు దోపుకుని వెనక తలుపు దగ్గర నిలబడి, సర్దడం అయ్యేదాకా చూసింది. ఎప్పటిలాగే నూరుమంది గుండిగను బోర్లించి, దాని పక్కన ఆమె పట్టే చోటు వదిలారు. మునుపటి కంటే కాస్త తక్కువే వదిలారు.

"నేను కూసుంటా అవ్వా ఆడ" అంది రేవతి.

"నీకు అలవాటు లేదు పాపా. మలుపుల్లో తప్పేలాలు యేపక్క జారతాయో నీకు తెల్దు."

ఆదిలక్ష్మి ముందు తలుపు పట్టుకుని నిలబడింది. ఏదో ఒకటి అనాలనిపించింది. "ఈ ఒక్కసారికి సరిపెట్టుకో అక్కా" అంది.

"సరేమ్మా" అంది నారాయణమ్మ. అని ఎక్కింది. మునస్వామి తలుపు మూశాడు.

పలమనేరు దాటాక దోవ మలుపులు తిరిగింది. పైన డబ్బా గాలికి కూడా మూలగలేదు. ఉదయ్ కిరణ్ చెప్పినట్టు బండి ఎక్కడా తూగలేదు. వి.కోటలో టీకి ఆగుదామా అని మునస్వామి అడిగితే, ఆగితే వెనకంతా దించి ఎక్కించాలి, ఎందుకులే పద అంది ఆదిలక్ష్మి. ఆ మాటలో వెనక అంటే ఆమె దృష్టిలో సామానే.

*

కుప్పం మండపం ముందు బండి ఆగేసరికి పొద్దు వాలుతోంది. పందిరి వేసేవాళ్ళు తమిళంలో కేకలు వేసుకుంటున్నారు. రెడ్డెప్ప తెల్ల పంచె ఎగ్గట్టుకుని ఎదురొచ్చాడు. కూతురి పెళ్ళి తండ్రికి ఉండే కంగారంతా ఉన్నా, మర్యాద మరిచే మనిషి కాదు. "దిగండమ్మా, దిగండి. సామాను తర్వాత. ముందు కాఫీ తాగండి" అని వంటశాల అరుగు మీద అందరినీ కూర్చోబెట్టాడు.

"యెంతమంది వచ్చినారమ్మా?"

"అయిదు నూర్లమందికి అన్నీ తెచ్చినామప్పా" అంది ఆదిలక్ష్మి.

రెడ్డెప్ప నవ్వాడు. "గుండిగలు గాదమ్మా నేనడిగేది. మనుసులు. కాఫీ పోయించల్ల."

ఆదిలక్ష్మి కూడా నవ్వుతూ అరుగు మీదికి చూపు తిప్పింది. మునస్వామి, మధ్య సీటు ఆడవాళ్ళు మునిరత్నమ్మ, రేవతి, ఆ పక్కన ఇద్దరు, తాను.

"ఆరు" అంది.

ఆరు స్టీలు గ్లాసుల్లో నురగ కాఫీ వచ్చింది. చిక్కటి పాలు, కుప్పం వైపు కాఫీకి ఉండే ఆ ఘాటు. దోవంతా గొంతెండిపోయి ఉన్నారు, అందరూ ఆత్రంగా తాగుతున్నారు. రేవతి మాత్రం గ్లాసు చేతిలో పట్టుకుని ఊరికే కూర్చుంది. కొంచెంసేపు చూసి, పక్కవాళ్ళకు వినపడనంత మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా, అవ్వకేదీ?"

ఆదిలక్ష్మి గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. తల తిప్పి చూసింది. బండి పందిరి గుంజల పక్కన నిలబడి ఉంది. వెనక తలుపు మూసే ఉంది. దాన్ని ఎవరూ తీయలేదు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చుంటేనేం అంటారు. ఇక్కడ వడ్డించే చెయ్యి ఆదిలక్ష్మిదే. కడబంతిన కూర్చున్నది నారాయణమ్మే. ఎవరో తమలపాకు నమిలే పెద్దమనిషి మూత అన్నాడని రోషం తెచ్చుకుంది. ఇప్పుడు తానే ఆమెను సామాన్లలో కలిపేసి ఆరు అంది. ఆదిలక్ష్మికి సిగ్గేసింది. నలుగురిలో ఉన్నాననే స్పృహ లేకుండా గ్లాసు అరుగు మీద పెట్టి, బండి దగ్గరికి గబగబా నడిచి, తలుపు లాగింది.

నారాయణమ్మ అదే చోట, అదే తీరులో కూర్చుని ఉంది. బండి ఆగి అంతసేపయినా ఆమె చెయ్యి తప్పేలాల వరసను వదల్లేదు. చీర భుజం దగ్గర చెమటకు తడిసిపోయింది.

"పిలవగూడదా అక్కా" అంది ఆదిలక్ష్మి.

"సామాను దించేకి వస్తారు గదా అనుకుంటిని. చేయి తీస్తే ఇవన్నీ మీద పడతాయమ్మా. మెల్లిగా తియ్యి."

ఆదిలక్ష్మి ముందు తప్పేలాలు తీయలేదు. రేవతి వచ్చి వాటిని ఆపి పట్టుకుంటే, తాను రెండు చేతులూ నారాయణమ్మ చంకల కింద వేసి మెల్లగా దింపింది. కాలు కిందపెట్టినా మోకాళ్ళు విచ్చుకోలేదు. వంగిన మనిషి వంగినట్టే కాసేపు బండి పట్టుకుని నిలబడింది. రెడ్డెప్ప పరుగున వచ్చి చూస్తున్నాడు.

"తప్పు లెక్క చెప్పినానప్పా" అంది ఆదిలక్ష్మి ఆయనతో. "ఆరు కాదు. ఆరున్నొకటి."

ఆయన ఇంకో గ్లాసు తెప్పించాడు. నారాయణమ్మ అరుగు మీద కాళ్ళు బారజాపుకుని, ఆ కాఫీ చివరి బొట్టు దాకా ఊదుకుంటూ తాగింది. ఆదిలక్ష్మి గ్లాసు పక్కనే ఉంది. మీగడ కట్టేదాకా ఆమె దాన్ని ముట్టుకోలేదు.

పెళ్ళివంట మాత్రం ఎప్పటిలాగే నడిచింది. పని దగ్గర ఆదిలక్ష్మి చెయ్యి ఎప్పుడూ తడబడదు. తెల్లవారుజామున పొయ్యిలు రాజేసి, ఎసర్లు పెట్టి, బియ్యం కొలవడానికి శేరు అందుకుంది. "లాభం" అని తొలి శేరు పోసింది. రెండు, మూడు, నాలుగు. ఆరు దాకా వచ్చి ఒక్క క్షణం ఆగింది. "ఆరున్నొకటి" అని పోసి, ఎదురుగా పీట మీద కూర్చున్న నారాయణమ్మ వైపు చూసింది. ఆమె ఓళిగలు తట్టుతోంది. అరిటాకు మీద నూనె రాసి, ఉండ పెట్టి, మూడు వేళ్ళతో ఒత్తుతూ ఆకును తిప్పుతుంటే, ఓళిగ చంద్రుడిలా గుండ్రంగా విచ్చుకుంటోంది. బెంగుళూరు నుంచి దిగినవాళ్ళు బంతి లేవకుండా రెండోసారి ఓళిగలు అడిగారు. అన్నం మిగల్లేదు, తగ్గలేదు. రెడ్డెప్ప అందరికీ చీరలు పెట్టాడు. ఏడు చీరలు. ఆయన ఈసారి ఎవరినీ అడగలేదు, తానే లెక్కపెట్టుకున్నాడు.

మధ్యాహ్నం పాత్రలు తోమి ఎండలో బోర్లించారు. మునస్వామి వాటిని బండి దగ్గరికి మోసుకొచ్చి, తలుపు తీసి, సీట్లు మడవబోయాడు.

"ఉండు" అంది ఆదిలక్ష్మి. "సీట్లు ముట్టుకోవద్దు."

"మరి ఇవి యాడ పెట్టల్ల?"

ఆమె రెడ్డెప్ప దగ్గరికి వెళ్ళింది. "మీ టమోటా లారీ మదనపల్లి మార్కెట్టుకు యెప్పుడు పోతాదప్పా?"

"రేపు పొద్దున్నేనమ్మా."

"పుంగనూరు మీదే గదా పోయేది. పెద్ద గుండిగా, బాండలీ, రుబ్బే మిషనూ అందులో పంపీ. మా ఇంటి దగ్గర దించితే చాలు."

రెడ్డెప్ప సరేనన్నాడు. అంచున వదిన పేరు కొట్టించిన గుండిగలు ఇంకొకరి బండి ఎక్కడం మునస్వామి ఎప్పుడూ చూడలేదు. ఆమె వాటిని ఇంకొకరి పొయ్యి కూడా ఎక్కనివ్వదు.

"టమోటా బాక్సుల మజ్జన మన గుండిగలా వదినా? సొట్టలు పడితే?"

"సొట్టలు పడితే కొట్టించుకుంటాంలే."

"ఆ పొద్దు నేను సెప్తే ఇన్న్యావు కాదు. ఆ పెద్ద డబ్బా కొనుంటే ఈ బాధ ఉండేది కాదు గదా."

"పెద్ద డబ్బా కొనుంటే ఇంకా పెద్ద గుండిగ తెచ్చుందును" అంది ఆదిలక్ష్మి. "డబ్బా సైజు తప్పు కాదు మునస్వామీ. అది సరిగ్గానే ఉండాది. ఆ అంగట్లో పిలగాడు లోపల యెంతమందని అడిగినాడు సూడు, ఆడ తప్పు సెప్పినా."

చిల్లర సామాను డబ్బాలోకి ఎక్కించింది తానే. మూతలు, గంటెలు, జల్లిగంటెలు, బకెట్లు. విస్తరాకులు అయిపోయాయి కాబట్టి వాటి చోట రెడ్డెప్ప ఇచ్చిన చీరల మూట మెత్తగా పెట్టింది. మూత టక్కుమంది. నూరుమంది గుండిగలు రెండు సీట్ల మధ్య కూర్చున్నాయి, వాటి లోపల యాభైమంది తప్పేలాలు. జారడానికి ఏమీ మిగల్లేదు.

నారాయణమ్మ అలవాటుగా కొంగు దోపుకుని వెనక తలుపు వైపు నడుస్తోంది. ఆదిలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చింది. ముందు తలుపు తీసింది.

"ఇది నీ చోటు గదమ్మా" అంది నారాయణమ్మ.

"యెక్కక్కా."

"నువ్వు యాడ కూసుంటావు? వెనకాల నీకు అలవాటు లేదే."

"వెనకాల కూడా సీటే గదా. యాల, నేను కూసోగూడదా?"

నారాయణమ్మ ఒక కాలు పెట్టి, తలుపు పిడి పట్టుకుని, నొప్పి కాలును చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది. ముందద్దం ఇంత పెద్దదని ఆమెకు తెలియదు. దాని నిండా కుప్పం దోవ కనిపిస్తోంది. ఆమె మళ్ళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

ఆదిలక్ష్మి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. బియ్యం రాశి ముందు నిలబడినప్పటి గొంతుతో, అందరికీ వినపడేలా, "లాభం" అంది.

నారాయణమ్మ తిరిగి చూసింది. నవ్వలేదు. ఆ మాట ఏమిటో ఆమెకు తెలుసు. కొంగు నడుము నుంచి తీసి భుజం మీద సర్దుకుంది.

"రెండు" అంటూ ఆదిలక్ష్మి మునిరత్నమ్మను మధ్య సీటులోకి ఎక్కించింది. "మూడు, నాలుగు" అని మిగతా ఇద్దరినీ. "అయిదు" అని రేవతిని వెనక సీటులోకి. "ఆరు" అని మునస్వామి వీపు మీద తట్టి స్టీరింగు వైపు పంపింది.

రెడ్డెప్ప వెనక తలుపు మూయడానికి వచ్చి పట్టుకుని నిలబడ్డాడు. "అందరూ వచ్చినట్టేనామ్మా?" అన్నాడు.

"ఆరున్నొకటి" అని ఆదిలక్ష్మి వంగి, గుండిగ పక్కన మిగిలిన చిన్న సీటులో కూర్చుంది.